గోనెసంచిలో ఇంజను హెడ్డు

శనివారం ఉదయం ఆరూ నలభైకి అనకాపల్లిలో తుని బస్సెక్కాను. భుజాన గోనెసంచి, సంచిలో నా పాత స్పోర్ట్స్ కారు సిలిండర్ హెడ్డు, అంటే ఇంజను నెత్తి. కారు వయసు నా కంటే ఎక్కువ. రెండే సీట్లు. రెండో సీటులో ఇంతవరకు స్పేర్ టైరు తప్ప ఎవరూ కూర్చోలేదు.

గత నెల నీళ్ళు మరిగిపోయి బండి ఆగింది. విశాఖలో ఒక మెకానిక్ హెడ్డు విప్పి, దాని మీదున్న నల్లటి గీత చూపించి, "పగిలిపోయింది, వేరే ఇంజను వేసుకో" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే మా అప్పలరాజు బావ పాత వ్యాను డీజిల్ ఇంజను ఒకటి తెచ్చి తన షెడ్డులో పెట్టేశాడు.

"ఆదివారం పొద్దున్నే బిగించేత్తాను. ఈలోపు నీ హెడ్డు బాగుపడితే సరే. నేకపోతే నోర్మూసుకుని డీజిలు కొట్టించుకో."

గుర్రానికి గేదె గుండె పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. గుర్రం ప్రస్తుతం నడవడం లేదన్నది వేరే సంగతి.

పాయకరావుపేటలో చెరకు గానుగల ఆయిలింజన్లు బాగుచేసే నూకరాజు మామ ఉన్నాడని విన్నాను. అందుకే ఈ ప్రయాణం. కండక్టరు సంచికి లగేజీ టికెట్టు కొట్టి సీటు కిందకి తోయించాడు. ఎలమంచిలి దాటాక, ఖాళీ చేపల గంపతో రాజయ్యపేట వెళ్తున్న ఒకావిడ కాళ్ళు పైకి తీసుకుంది.

"బాబూ, నీ బెల్లానికి సీమలట్టేయి."

"బెల్లం కాదమ్మా, ఇంజను."

"ఇంజనుకి సీమలెందుకట్టేయి మరి?"

సమాధానం నాకు తెలుసు. మాది బెల్లం వ్యాపారం. మా ఇంట్లో గోనెసంచి అంటే బెల్లం సంచే, దులిపే అలవాటు లేదు. పగవాడి ఇంజనులో పంచదార పోస్తారని విన్నాను. నేను ఏ పగా లేకుండా నా ఇంజనుకి నేనే బెల్లం పెట్టుకున్నాను. ఆవిడ నక్కపల్లిలో దిగుతూ నా వైపు జాలిగా చూసింది.

ఎనిమిదిన్నరకి మామ షెడ్డు చేరాను. ఆయన సంచి విప్పి, హెడ్డుకి అంటిన బెల్లం గోటితో గీకి నోట్లో వేసుకున్నాడు.

"సరుకు మంచిదే. ఇంజనుకి పెసాదం పెట్టేవేట్రా అల్లుడూ?"

తిట్టకుండా, బెల్లం వండే పెద్ద పెనంలో నీళ్ళు పోసి, పొయ్యి మీద హెడ్డుని ఉడకబెట్టాడు. బెల్లం కరిగాక వైరు బ్రష్షుతో రుద్దాడు. రుద్దుతూ ఆగి నన్ను పిలిచాడు. నల్ల గీత సగమే ఉంది. ఇంకాస్త రుద్దితే ఆ సగమూ పోయింది. హెడ్డు కింద వేసే పాత గ్యాస్కెట్ జిగురు మాడి గట్టిపడిందట.

"పగులుకి కాళ్ళుంటాయేటి, లేసెల్లిపోడానికి?" అన్నాడు మామ.

తర్వాత స్టీలు బద్ద ఆనించి చూశాడు. బద్దకీ హెడ్డుకీ మధ్య సన్నగా వెలుతురు కనబడింది. వేడికి వంగింది, అంతే. మిషను మీద పెట్టి చదును చేశాడు. నేను హైవే హోటల్లో భోజనం చేసి వచ్చేసరికి హెడ్డు అద్దంలా ఉంది. చివరి పరీక్షగా దాన్ని తిరగేసి గుంటల్లో కిరసనాయిలు పోశాడు. వాల్వుల సందుల్లోంచి కారితే మళ్ళీ మొదటికే. పది నిమిషాలు చూడాలి. ఆ పది నిమిషాలు నేనొక్క జోకూ వెయ్యలేదు.

"ఒంట్లో బావునేదేటి?" అని మామ అడిగాడు.

చుక్క కారలేదు.

నాలుగూ పదికి తిరుగు బస్సు. హెడ్డుని నా తువ్వాల్లో చుట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండు టికెట్లు అడిగాను.

"రెండో మనిషెక్కడ?" అన్నాడు కండక్టరు.

చూపించాను. ఈ రూట్లో ఇంతకంటే వింతలు చూశాడో ఏమో, రెండు టికెట్లూ కొట్టి వెళ్ళిపోయాడు.

బావకి ఫోన్ చేశాను. "అయితే ఈ డీజిలింజనేటి సెయ్యమంటావు?" అన్నాడు.

"రాజయ్యపేటలో పడవలున్నాయి బావా, ఎవరికైనా కావాలేమో కనుక్కో."

"రేపు నీది స్టార్టవకపోతే?"

"తోసుకుంటాం. తోసినా మన ఇంజనునే తోస్తాం."

నా దారిన వెళ్ళేవారికి చెప్పేది ఒకటే. పగిలిందన్న మాట నమ్మే ముందు ఒకసారి ఉడకబెట్టి చూడండి. సంచి మాత్రం దులుపుకోండి. ఆదివారం హెడ్డు బిగించాక, సాయంత్రం నాలుగో ప్రయత్నానికి ఇంజను స్టార్టయింది. మొదటి మూడుసార్లూ నవ్విన బావే నాలుగోసారి వెనక నుంచి తోశాడు. పొగలో బెల్లం వాసన వస్తుందేమోనని చూశాను. రాలేదు. కొంచెం నిరాశపడ్డాను.