శారదమ్మ కోరుకున్న నల్లమడి

సోమల పక్క పల్లెలో శారదమ్మ కడుపుమంట గురించి తెలియనివాళ్లు లేరు. ఆ మంట తోడికోడలు సావిత్రమ్మ మీదనీ అందరికీ తెలుసు. ఏమీ తెలియనట్టు తిరిగేది సావిత్రమ్మ ఒక్కతే. శారదమ్మకు మరీ ఒళ్లు మండేది అందుకే.

శారదమ్మ పుట్టిల్లు కుప్పం దగ్గర మెట్ట ఊరు. రాగులు, ఉలవలు తప్ప ఇంకేమీ ఎరగని ఎర్రమట్టి. వరన్నం పండగ పూటే. అందుకే అత్తగారింట్లో భూములు పంచుకున్నప్పుడు ఆమె కళ్లు చెరువు కింది నల్లమడి మీద పడ్డాయి. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. ఆమె మొగుడు ఎల్లప్ప చిన్నవాడు. అతని చెవిలో పోరిపోరి నల్లమడినే కోరించింది. మిట్ట మీది ఎర్ర గరపచేను, కంప తప్ప ఏమీ మొలవనిది, బావగారికి మిగిలింది. ఆ పూట శారదమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు.

తర్వాత మిట్ట మీద బోరు పడింది, డ్రిప్పు వచ్చింది, టమోటా వచ్చింది. నీళ్లు నిలవని ఆ గరపనేల టమోటాకు భలే కుదిరింది. సావిత్రమ్మ కాయలు మదనపల్లె మార్కెట్టుకు పోతుంటే, మడిలో నడుం వంచి కలుపు తీస్తూ శారదమ్మ ఆ టెంపో చప్పుడును కూడా తిట్టుకునేది. సావిత్రమ్మ ఇంటికి మేడ లేచింది, చెవులకు కొత్త కమ్మలు వచ్చాయి. తాను కాలదన్నిన చేనే కదా అని తలుచుకుంటే శారదమ్మకు ముద్ద దిగేది కాదు.

పోయిన వానాకాలం ఆమె మొండికేసింది. వరి వద్దంది. బంకమట్టిలో టమోటా వేరు మురుగుతుందని ఎల్లప్ప ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. ఆ గరపలో కాసింది, నా మడిలో కాయదా అంటూ నారు తెచ్చి నాటించింది, కట్టెలు పాతించి దారాలు కట్టించింది. పూత బాగా వచ్చింది. రోజూ మిట్టవైపు చూసి ఎవరి చెట్లు ఏపుగా ఉన్నాయో పోల్చుకునేది.

పిందె పట్టే వేళకు ముసురు పట్టుకుంది. మిట్టచేను తనకు కావలసినంత తాగి మిగతా నీళ్లను కిందికి వదిలేసింది. అవన్నీ వచ్చి శారదమ్మ మడిలో నిలిచాయి. వరి అయితే తాగి పచ్చగా నవ్వేది. టమోటా చెట్లు వేళ్లు మురిగి, దారాలకు వేలాడాయి.

వాన వెలిశాక సావిత్రమ్మ దిగి వచ్చింది. ఎగతాళి చేస్తుందని శారదమ్మ జవాబు సిద్ధం చేసుకుంది. సావిత్రమ్మ మాత్రం మడి గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఈ యేడు వరి యాల పెట్టలేదు సారదమ్మా? పంపకాలప్పుడు నువ్వీ మడి కోరుకుంటే నేను అన్నం మానుకోని ఏడిస్తిని. ఇప్పటికీ ఈడ పచ్చని పైరు సూస్తే నా కడుపు రగులుతాది."

ఇన్నేళ్లలో శారదమ్మ కడుపు చల్లబడింది అదే మొదటిసారి. ఇంకాస్త వినాలనిపించింది.

"ఇప్పుడు గూడా రగులుతాండాదా అక్కా?"

సావిత్రమ్మ వాలిపోయిన చెట్లవైపు చూసింది.

"ఇప్పుడు యాల రగులుతాదమ్మా? ఈడ ఏముండాదని?"