నడిమి గది గోడ

భ్రమరాంబకి మనుషుల మీద నమ్మకం పోయింది డెబ్బై రెండు జూలైలో, మొదటి గట్టి వాన పడిన రోజున.

అంతకు మూడు నెలల ముందే ఆమె భర్త త్రినాథరావు విశాఖపట్నం కోటవీధిలో ఆ పాత ఇల్లు కొన్నాడు. రామచంద్రపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి, పోర్టులో క్రేన్ల మరమ్మతు పనిలో చేరి, పదేళ్ళు అద్దె వాటాల్లో నెట్టుకొచ్చినవాడు. డ్యూటీకి సైకిల్ మీద పది నిమిషాలు. టేకు దూలాల మిద్దె, మూడు గదులు, వెనక చిన్న పెరడు. అమ్మినాయన గోడలన్నిటికీ తళతళలాడేలా వెల్ల వేయించి మరీ చూపించాడు. ఆ వెల్ల చూసే భ్రమరాంబ కూడా తలూపింది. వాన పడగానే పడమటి గోడ అడుగు నుంచి నల్లగా చెమ్మ ఎగబాకింది. వారం తిరిగేసరికి పెచ్చులూడి, ఎప్పటివో పగుళ్ళు, వాటిలో కుక్కిన పాత గుడ్డలు బయటపడ్డాయి.

"పాతిల్లన్నాక పగుళ్ళుండవా?" అన్నాడు త్రినాథరావు.

"పగుళ్ళుంటాయండీ. గుడ్డలు వాటంతటవే వెళ్ళి దూరవు కదా."

అప్పటి నుంచి ఆ ఇంటి పని ఏదీ ఆమె కళ్ళు తప్పి జరగలేదు. బండి మీద ఏటి ఇసక అని తెచ్చి పోస్తే చిటికెడు నాలుక మీద వేసుకునేది. ఉప్పగా తగిలితే బండిని అట్నించి అటే తిప్పి పంపేది. సముద్రపు ఇసకతో కట్టిన గోడకి జన్మంతా చెమ్మేనని ఆమెకి ఎవరూ చెప్పలేదు, సొంత గోడే చెప్పింది. సముద్రపు ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏటా తుప్పు పట్టేవి. గీకి, రంగు వేసి, ఒక కిటికీ ముగించేసరికి మరోటి మొదలయ్యేది. మిద్దె మీద సున్నం నెరలు తీసేది. పనివాళ్ళు పని చేస్తుంటే వెనక పీట వేసుకుని కూర్చునేది. ఆ చూపు భరించలేక సగంలో మానేసిన మేస్త్రీలు ఐదారుగురున్నారు.

మానకుండా నిలబడ్డవాడు నజీర్ అహ్మద్ ఒక్కడే. పాత ఊళ్ళోనే పుట్టి పెరిగిన తాపీ మేస్త్రీ, యాభై దాటినవాడు, తక్కువ మాట్లాడతాడు. మూడేళ్ళు అతను పని చేశాడు, మూడేళ్ళూ ఆమె వెనక కూర్చుంది. వంక దొరకలేదు. అదే ఆమెకి నచ్చలేదు. వంక దొరకనివాడు ఏదో పెద్దదే దాస్తాడని లోపల ఒక గుంజాటన.

డెబ్బై ఏడు వేసవిలో నడిమి గదికి వెల్ల వేస్తూ నజీర్ ఒకచోట ఆగాడు. అది వాళ్ళ ఇంటికీ పక్కింటి వరహాలమ్మ వంటింటికీ మధ్యనున్న ఉమ్మడి గోడ. వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టాడు.

"అమ్మా, ఈ గోడ లోన బోలుగా ఉన్నాది. ఇప్పి సూడాల."

"ఇన్నాళ్ళూ లేని బోలు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

అతను ఆ చోటు వదిలి మిగతా గోడకి వెల్ల వేశాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ పై వారం మూడోసారి. అడిగినప్పుడల్లా ఆమె ముఖంలోకి కాక నేలకేసి చూశాడు.

ఆ సాయంత్రం పెరటి గోడ దగ్గర భ్రమరాంబ ఈ సంగతి వరహాలమ్మతో అంది. వరహాలమ్మ అరవై ఏళ్ళ వితంతువు, ఆ వీధికి కోడలిగా వచ్చిన మనిషి. వింటూనే గొంతు తగ్గించింది.

"ఇప్పించకమ్మా. పాత ఇళ్ళ గోడల్లో ఏటేటో దాస్తారు గదా. ఈ మేస్త్రీలకి కొట్టి సూత్తే తెలిసిపోద్ది. నీ కళ్ళ ముందే ఉంటాడు, నీకు తెలీకండా పట్టుకుపోతాడు."

ఆ మాట భ్రమరాంబ చెవిలో ముల్లులా దిగబడింది. గోడ నాలుగు మూలలా పెన్సిలుతో సన్నని గీతలు పెట్టి, రోజూ చూసుకోవడం మొదలుపెట్టింది. శుక్రవారం నమాజు వేళ దాటాక, నజీర్ పని లేకపోయినా వీధికి అవతల నిలబడి ఇంటి కప్పు కేసి చూస్తూ కనిపించాడు. ఈమె గుమ్మంలోకి రాగానే తల దించుకుని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత పూర్ణా మార్కెట్ నుంచి అనుకున్నదాని కన్నా ముందే తిరిగొచ్చింది. పిల్లలు తలుపు తీశారు కాబోలు, నడిమి గదిలో నజీర్ నేల మీద పక్కకి పడుకుని ఉన్నాడు. గోడ అడుగున రెండు ఇటుకలు ఊడదీసి ఉన్నాయి. అతని కుడి చెయ్యి భుజం దాకా ఆ కన్నంలో ఉంది.

"ఏం చేస్తున్నావు మేస్త్రీ?"

అతను చెయ్యి బయటికి తీశాడు. గుప్పిట్లో ఎర్రమట్టి. విప్పి చూపించాడు. "సెదలమ్మా. లోన కర్ర ఉన్నాది. తినేసినాయి. పైన దూలం..."

"గుప్పిట్లో మట్టి చూపిస్తే సరిపోయిందా? రెండో చేత్తో ఏం తీశావు? లేకపోతే నేను ఇంట్లో లేనప్పుడే ఎందుకు తవ్వుతావు?"

ఆమె గొంతు వీధిలోకి వినబడింది. ఇద్దరు ముగ్గురు గుమ్మంలోకి తొంగి చూశారు. నజీర్ తాపీ, సూత్రపు దారం సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రోజే గాజువాక వైపు నుంచి మరో మేస్త్రీని పిలిపించింది. అతను గోడని ఒకసారి చరిచి, "ఉక్కులాగున్నాది తల్లీ. సిమెంటెట్టి పూసేత్తే నీ మనవల దాకా సూడక్కర్లేదు," అన్నాడు. కప్పేసే పూత మాట వినగానే భ్రమరాంబకి ఇల్లు కొన్నప్పటి ఆ తళతళలాడిన వెల్లే కళ్ళ ముందు మెదిలింది. నజీర్ తప్పు చెబుతున్నాడేమోనని ముందు రాత్రి నిద్ర పట్టలేదు. ఇతను ఒప్పు చెబుతున్నాడంటే అసలే మనసొప్పలేదు. అతన్ని రేపు రమ్మని పంపేసి, మధ్యాహ్నం త్రినాథరావు డ్యూటీలో ఉండగా గునపం తీసుకుంది.

గంట సేపటికి గోడ ఒక మనిషి దూరేంత తెరుచుకుంది. లోపల బంగారమూ లేదు, బిందెలూ లేవు. ఒక ద్వారబంధం ఉంది. గడప మీద వెలిసిపోయిన పసుపు, కుంకుమ బొట్లు. అటూ ఇటూ ఇటుకలతో మూసేసిన గుమ్మం అది. ద్వారబంధం నిలువు కర్ర మీద వేలు ఆనిస్తే వేలు లోపలికి పోయింది. పైకి చూసింది. గుమ్మం పైకర్ర తేనెపట్టులా తొలిచేసి ఉంది. దాని పైనే నడిమి గది దూలం కొస ఆని ఉంది. ఆ దూలం కిందే పిల్లల మంచం.

 మంచం వరండాలోకి ఈడ్చి, పిల్లల్ని గదిలోకి రావద్దని చెప్పి, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా నజీర్ ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసింది అతని భార్య మహబూబున్నీసా. లోపలికి రమ్మనలేదు.

"దొంగన్నావంట గదా. ఏటి పోయింది మీ ఇంట్లో?"

"ఏం పోలేదు. మేస్త్రీ చెప్పినట్టే ఉంది. కప్పు కూలేలా ఉంది. ఒకసారి పిలవండి."

నజీర్ బయటికొచ్చాడు. భ్రమరాంబ నేరుగా అడిగింది. "నీకు ముందే తెలుసు. కొట్టి చూసి కనిపెట్టిన మాట కాదు. వీధిలో నిలబడి మా కప్పు చూశావు. నిజం చెప్పు."

అతను నేలకేసి చూస్తూ చెప్పాడు.

"మీ ఇల్లూ పక్కిల్లూ ఒకప్పుడు ఒకటే. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆ గుమ్మం మూసింది మా నాయన, మా అబ్బా. నాను కొత్తగా తాపీ పట్టిన రోజులు. కర్ర తీసేసి మూద్దామన్నాడు. ఆళ్ళు తొందరెట్టినారు, రేపొద్దున్నకల్లా గోడ లేసిపోవాలన్నారు. మా అబ్బా ఒప్పేసుకున్నాడు. సచ్చిపోయీదాకా ఆ తప్పే తలుసుకున్నాడమ్మా. మా అబ్బా పని సెడ్డదని నా నోటితో నానెలా సెప్పీది?"

అతను అదే పూట సరుగుడు కర్రలు తెచ్చి దూలం కింద ఊతంగా పోటు పెట్టాడు. చప్పుడు విని వరహాలమ్మ వచ్చింది. తెరిచిన గుమ్మాన్ని చూడగానే ముఖం పాలిపోయింది.

"మీకూ తెలుసు కదా పిన్నిగారూ," అంది భ్రమరాంబ.

"తెలుసమ్మా. పెళ్ళయిన కొత్తలో ఆ గడపకి నానే పసుపు రాసీదాన్ని. మా మావగారూ ఆళ్ళ తమ్ముడూ మాటల్లేకుండా అయిపోయాక మూసేసినారు. మీకమ్మింది ఆ తమ్ముడి కొడుకే. గోడ ఇప్పితే నా వంటిల్లు కూలిపోద్దని బయమేసింది. ఒక్కదాన్ని, ఎవర్తో కట్టించుకుంటాను?"

"అందుకని ఆయన్ని దొంగని చేశారా?"

"నాను అనుమానమే అన్నాను. దొంగని అరిసింది నువ్వే గదమ్మా."

 నజీర్ విననట్టు కర్రల కింద చెక్క మేకులు బిగిస్తున్నాడు.

పని ఇరవై రోజులు పట్టింది. అందరూ వరండాలోనే పడుకున్నారు. చెద పట్టిన కర్ర తీసి కాల్చేసి, రాతి పలక ఎత్తి, దాని మీద దూలం ఆనించి, గానుగలో నూరిన సున్నంతో గోడ కట్టాడు నజీర్. ఆమె ఎప్పటిలాగే వెనక కూర్చుని ప్రతి వరసా చూసింది. క్షమించమని అడగలేదు. రెండో రోజు నుంచి టీ మాత్రం తనే తెచ్చి, తమ ఇంట్లో అందరూ తాగే స్టీలు గ్లాసులో ఇచ్చింది. దొంగన్న మాటని వీధి వాళ్ళ ముందే వెనక్కి తీసుకోమని త్రినాథరావు అన్నాడు. పని పూర్తయిన రోజు గుమ్మంలో నిలబడి, "మేస్త్రీ చెప్పిందే నిజం, నేనే తప్పుగా అరిచాను," అని వీధికి వినబడేలా ఒక్కసారి అంది. నజీర్ తలూపి వెళ్ళాడు. పిలిచినప్పుడు మళ్ళీ వచ్చాడు గానీ, ఆమె లేని వేళ ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్నాక ఊరి అంచులన్నీ కొత్త కాలనీలయ్యాయి. తెలిసినవాళ్ళంతా అటు వెళ్ళారు. త్రినాథరావు కూడా ఒక స్థలం చూసొచ్చి చెప్పాడు. "ఈ ఇంట్లో ఏం దాచారో సగమైనా తెలిసింది. కొత్తదాంట్లో మళ్ళీ మొదట్నించి వెతకమంటారా?" అంది భ్రమరాంబ. ఆ మాట అక్కడితో ఆగింది.

ఎనభై ఐదులో వరహాలమ్మ వంటింటి కప్పు విప్పాల్సి వచ్చింది. నజీర్‌కి అప్పటికి చూపు మందగించింది, అల్లుడు సిరాజ్ పనికి దిగాడు. పని మొదలయ్యే రోజు పొద్దున్నే వరహాలమ్మ కర్ర పట్టుకుని భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చింది.

"నాకు కళ్ళు ఆనట్లేదే. ఆళ్ళు ఏటి ఏత్తన్నారో, ఏటి తీత్తన్నారో తెలీదు. నువ్వొచ్చి కూకో."

"నన్ను నమ్ముతారా పిన్నిగారూ?"

"నిన్నెవరు నమ్మమన్నారు? ఆళ్ళని నమ్మకుండా ఉండడానికి రమ్మంటన్నాను."

భ్రమరాంబ స్టవ్ ఆర్పి, కొంగు బిగించి, పక్కింటికి వెళ్ళింది. మధ్యాహ్నానికి సిరాజ్ చేత ఒక వరస విప్పించి మళ్ళీ కట్టించింది. అతను గొణుక్కుంటూనే కట్టాడు. సాయంత్రం చెయ్యి కడుక్కుని వెళ్ళబోతూ, రేపు ఎన్ని గంటలకు మొదలుపెడతావని సిరాజ్‌ని అడిగింది. ఎనిమిదికన్నాడు.

"ఏడున్నరకి నేనిక్కడుంటాను," అంది.