ముందు ఆమె మాట చెప్పు

సిరాజుద్దీన్ సారు పెద్దపల్లి నుంచి బదిలీ మీద గోదావరిఖని బడికి వచ్చేనాటికి ఏడో తరగతి నిండా బొగ్గుబావి కార్మికుల పిల్లలే. యంత్రాల హోరుకు అలవాటైన తండ్రులు ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడేవారు. పిల్లలకూ అదే గొంతు. సారు ఒక ప్రశ్న అడిగితే పదిమంది ఒక్కసారే లేచేవారు. మొదట్లో ఆయన బెత్తంతో బల్ల మీద కొట్టేవాడు. గోల ఆగేది గానీ, ఆ తర్వాత ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ మౌనం ఆయనకు నచ్చలేదు.

దారి ఇంట్లోనే దొరికింది. ఒకరోజు భార్య రబియా బీ ఏదో చెబుతుంటే సగంలోనే అందుకుని కస్సుమన్నాడు. ఆమె దక్కనీ ఉర్దూలో నెమ్మదిగా, "నేనేమన్నానో ముందు చెప్పండి, తర్వాత కోప్పడండి" అంది. చెప్పబోతే, తాను విన్నది సగమేనని ఆయనకే తేలింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

అది 1972 ఎండాకాలం. పంచాయతీ పాఠం మధ్యలో, కంపెనీ క్వార్టర్లలో ఉండే నర్సింగం లేచి కుళాయి గొడవ ఎత్తాడు.

"సార్, గుడిసెలోల్లు మా నల్ల కాడ లైన్ల జొరబడుతున్నరు. మా నాయిన తానం చెయ్యకుంటనే డ్యూటీకి పోతుండు."

గుడిసెల నుంచి వచ్చే మొగిలి గభాలున లేచింది. "మా దిక్కు బాయి ఎండింది. మేమేడికి పోవాలె? నల్ల మీ నాయిన పెట్టిండా?"

తరగతి రెండుగా చీలిపోయి అరుపులు మొదలయ్యాయి. సారు ఈసారి బెత్తం తీయలేదు.

"నర్సింగం, జవాబు చెప్పు బిడ్డా. కని ముందుగాల మొగిలి మాట నువ్వు చెప్పాలె. ఆమె అవునన్నంకనే నీ మాట."

నర్సింగం తల గోక్కున్నాడు. "నల్ల వాళ్లదేనంటది సార్."

"గట్ల అనలే!" అంది మొగిలి. సారు మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి ఆమె అరవకుండా చెప్పింది.

"వాళ్ల బాయి ఎండిందంట" అన్నాడు నర్సింగం, ఆగి ఆగి. "వాళ్లవ్వ పొద్దుగాలనే కైకిలికి పోవాలంట. నీళ్లు నింపకుంటె కూలి పోతదంట."

"ఆఁ, గిదే నేనన్నది."

తర్వాత మొగిలి వంతు. "వాళ్ల నాయినకు మొదటి షిఫ్టు. తానం లేకుంట పోతుండు, పాపం" అంది. ఆ చివరి మాట నర్సింగం అనలేదు, ఆమే కలిపింది. నర్సింగం నవ్వాడు.

గంట కొట్టేలోపు పిల్లలే ఒక పద్ధతి తేల్చారు. మొదటి షిఫ్టు ఇళ్లవాళ్లు ముందు, కూలికి వెళ్లేవాళ్లు తర్వాత, ఇంటి దగ్గర ఉండేవాళ్లు ఆఖరున. మర్నాడు ఇద్దరూ కలిసి నల్ల దగ్గర ఆ మాట చెబితే, అక్కడ పెద్దరికం చేసే ఐలవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "బళ్లె గివి గూడ నేర్పుతుండ్రా?" అంది. అయినా ఒప్పుకుంది. నీళ్లు సన్నగా వచ్చిన రోజున బిందెలు గుద్దుకున్న మాట నిజమే. మిగతా ఎండాకాలం బాగానే గడిచింది.

తరగతిలో గోల పూర్తిగా పోలేదు. నల్ల తగాదా తీరి వారం తిరక్కుండానే ఆటల మైదానం ఎవరిదని ఇంకో తగాదా వచ్చింది. సారు కుర్చీ వెనక్కి జరుపుకుని హాయిగా కూర్చుని, "ఊఁ, ఎవలు మొదలువెడ్తరు?" అన్నాడు.