దీవెనకు చాచిన చేతులు

గొర్రెల ఫారంలో రేడియోల మరమ్మతు పనికి చేరిన నాటినుంచి ఇసాకున్ సభల్లో చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. ఫారం అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి ఎత్తాడు, అతన్ని తొలగించడానికి ఎత్తాడు, తొలగించిన అతన్నే మరింత పెద్ద పదవిలోకి పంపడానికీ ఎత్తాడు. రాజ్యం మారింది, జెండా మారింది, నోట్ల మీద బొమ్మలు మారాయి. చెయ్యి లేచే తీరు మాత్రం మారలేదు. పక్కవాడిది లేచిందని తనది లేచేది. తనది లేచిందని వెనకవాడిది లేచేది. మొదటి చెయ్యి ఎవరిదో, అది ఎవరు చెబితే లేచిందో అడిగినవాడు లేడు.

దీన్ని ప్రజాస్వామ్యమని పిలిచినవాళ్ల ధైర్యానికి వేరే పేరు పెట్టవలసి ఉంటుంది. అయితే ఇసాకున్‌ను బాధించినది ఆ అన్యాయం కంటే ఎక్కువగా తన అజ్ఞానం. ఊళ్లో ఏ ఇంటి రేడియో ఏ స్టేషను దగ్గర ఆగి ఉండేదో అతనికి తెలుసు. ఎవరు పాటలు వినేవారో, ఎవరు తలుపులు మూసుకుని పరాయి దేశపు వార్తలు వినేవారో కూడా తెలుసు. కానీ చెయ్యి ఎత్తనక్కరలేనప్పుడు వాళ్లలో ఎవరు ఏమంటారో తెలియదు. డెబ్బై దాటిన వయసులో అతనికి మిగిలిన కోరిక అదొక్కటే: నిజమైన ఓట్ల లెక్క ఒకటి కళ్లారా చూడాలి.

ఆ అవకాశం తలుపు తట్టి వచ్చింది. ‘ప్రజల ఆసరా’ పార్టీకి ఆ జిల్లాలో నాయకుడిగా ఉన్నవాడు శాసనసభ్యుడై రాజధాని బిష్కెక్‌కు మకాం మార్చాడు. ఖాళీ అయిన స్థానానికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు కాలువల శాఖలో ఇంజనీరుగా పనిచేసే గుల్సున్. రెండోవాడు ఇసాకున్ అక్క కొడుకు మిర్లాన్. సరస్సు ఒడ్డున వేసవి విడిదిళ్లు కట్టి కాస్త గడించినవాడు.

మిర్లాన్ ఒక మధ్యాహ్నం మేనమామ ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే గోడకున్న పాత కొరడాను చేతిలోకి తీసుకుని, “ఇది నాకు కావాలి తాయకె” అన్నాడు. తాయకె అంటే మేనమామ. మేనమామ ఇంట్లో మేనల్లుడు దేనిమీద చెయ్యి వేస్తే అది అతనిదే.

ఇసాకున్ భార్య జుమగుల్ టీ పోస్తూ, “మేనల్లుడు వచ్చేకంటే ఏడు తోడేళ్లు రావడం నయమని పెద్దవాళ్లు ఊరికే అన్నారా” అంది.

“తోడేళ్లు మీ టీ ఇంత మెచ్చుకుంటాయా, అత్తా?” అంటూ మిర్లాన్ వేయించిన పిండివంట తేనెలో ముంచుకున్నాడు. “ఒక్క కొరడా కోసం రాలేదులే. తాయకె, సభ రోజున అందరిముందూ నాకు మీ దీవెన కావాలి.”

“దీవెనకేం, ఇస్తాను. కానీ ఓటింగు మాత్రం చీటీల మీద, తెర వెనక జరగాలి. పార్టీ నియమావళిలో అలాగే ఉంది.”

“అలాగే, అలాగే” అన్నాడు మిర్లాన్, రెండో ముక్క అందుకుంటూ.

సభ రోజున మిర్లాన్ ఒక పొట్టేలును కోయించాడు. సాంస్కృతిక భవనంలో ముందు భోజనం, తర్వాత ఎన్నిక అని ఏర్పాటు. రాజధానినుంచి పార్టీ ప్రతినిధిగా ఎర్మెక్ అనే కుర్రవాడు వచ్చాడు. చక్కని కోటు తొడుక్కుని, ఫోను చెవినుంచి దించకుండా, అందరికంటే ముందు చెయ్యి కడుక్కున్నాడు. ఉడికించిన పొట్టేలు తలను వయసుకు పెద్దవాడైన ఇసాకున్ ముందు పెట్టారు. దాన్ని కోసి పంచడం అతని హక్కు. తరచుగా చూడాలనుకునేవారికి కన్ను ఇస్తారు గనుక అందరి దృష్టీ అతని చాకుమీదే నిలిచింది. ఇసాకున్ ఒక కన్ను మిర్లాన్‌కిచ్చాడు. రెండోది పళ్లెం అవతలికి చాచి గుల్సున్‌కిచ్చాడు.

“అక్సకల్ రెండు కళ్లతోనూ చూస్తున్నాడు, జాగ్రత్త” అన్నాడు పక్కనున్న వడ్రంగి షామ్రాల్. అక్సకల్ అంటే ఊరి పెద్ద. బల్లల చుట్టూ నవ్వులు లేచాయి.

చారు తాగడం ముగిశాక ఎర్మెక్ లేచి నిలబడ్డాడు. “అక్సకల్, మన కొత్త నాయకుడు మిర్లాన్‌కి మీ దీవెన ఇప్పించండి.”

‘కొత్త నాయకుడు’ అన్న మాట ఇసాకున్ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. కానీ అప్పటికే బల్లల చుట్టూ అరచేతులన్నీ ఆకాశం వైపు తెరుచుకున్నాయి. తెరిచిన చేతులను ఎదురుచూసేలా చెయ్యడం ఆ ప్రాంతంలో పెద్దవాళ్లు చేసే పని కాదు. అతను తన చేతులూ తెరిచాడు. దారి తెల్లగా సాగాలని, వాకిలి ముందు గుర్రాలు కట్టి ఉండాలని, మాటకు తూకం ఉండాలని మేనల్లుణ్ని దీవించాడు. తథాస్తు అన్నట్టు “ఓమిన్” అని అందరూ ముఖం మీదుగా చేతులు దించుకున్నారు.

“అయిపోయింది” అన్నాడు ఎర్మెక్. “ఒక్కరు కూడా కాదనలేదు. ఏకగ్రీవం. కార్యదర్శిగారూ, రాసుకోండి. ఇక టీ తాగుదాం.”

తన దీవెన ఓట్ల పెట్టెను మింగేసిందని ఇసాకున్‌కు అర్థం కావడానికి ఒక గుటక టీ పట్టింది. అంతకాలం ఎదురుచూసిన లెక్కను తన నోటితో తానే చెరిపేశాడు. ఇలాంటి తెలివి ఎక్కడ నేర్పుతారో గానీ, నేర్చుకున్నవాళ్లు మాత్రం త్వరగానే రాజధాని చేరుకుంటారు.

మొదట నోరు విప్పింది గుల్సున్. “ఎర్మెక్ బాబూ, నేనూ చేతులు చాచాను. మరి నన్ను నేనే వద్దనుకున్నట్టా?”

“చూశారా ఎజె, ఎంత పెద్దమనసు మీది” అన్నాడు ఎర్మెక్, అక్కా అని పిలుస్తూ.

“మనసు సంగతి తర్వాత. అక్సకల్ దీవిస్తుంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా? మా అమ్మ నన్ను అలా పెంచలేదు.”

మళ్లీ నవ్వులు వినిపించాయి, కానీ ఈసారి అంత ధైర్యంగా కాదు. అందరూ ఇసాకున్ వైపు తిరిగారు. ఇచ్చిన దీవెనను వెనక్కి తీసుకోవడం శాపం పెట్టడంకన్నా హీనమని అతని తండ్రి చెప్పేవాడు. తీసుకోకపోతే లెక్క లేదు. తీసుకుంటే అక్కకు ముఖం చూపించలేడు.

“దీవెనని వెనక్కి తీసుకోను” అన్నాడు ఇసాకున్, మెల్లగా. “వాడు మా అక్క కొడుకు. జ్వరమొస్తే దీవిస్తాను, గుర్రం కొంటే దీవిస్తాను, ఇవాళ ఓడిపోయినా రేపు దీవిస్తాను. మీరంతా ఓమిన్ అన్నది వాడి క్షేమానికి. కుర్చీ ఎవరిదో నన్ను ఇంకా ఎవరూ అడగలేదు. మిమ్మల్నీ అడగలేదు.”

ఎర్మెక్ ఓపికగా నవ్వాడు. “అక్సకల్, మీరు దీవించాక కాదనేవాళ్లు ఇక్కడ ఎవరున్నారు?”

“అదే బాబూ, నేనూ తెలుసుకుందామని.”

మిర్లాన్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. “తాయకె, ఇంతమందిలో నన్ను ఇలా నిలబెట్టాలా?”

“మా ఇంట్లో టీ తాగుతూ అలాగే అలాగే అన్నావు. రెండుసార్లు.”

“కొరడా తిరిగిచ్చేస్తాను.”

“కొరడా నీదే. ఓటు వీళ్లది.”

భయపడ్డాడని ఊరు అనుకోవడం మిర్లాన్ సహించగల విషయం కాదు. “పెట్టండి చీటీలు” అన్నాడు చివరికి. “గెలిచేవాడికి గెలవడానికి భయమేంటి?”

ఓట్ల పెట్టె ఉన్న గదికి తాళం; తాళం చెవి ఉన్నవాడు కొండమీద పచ్చికబయళ్లలో. గుమికూడినవాళ్లు కాసేపు తగవు పడ్డాక వంటవాళ్ల దగ్గరనుంచి ఖాళీ పాలక్యాను తెచ్చి వేదిక తెర వెనక పెట్టారు. దాని మూతి సన్నం. చీటీ పడుతుంది, చెయ్యి పట్టదు. కార్యదర్శి చీటీలు చింపి, రెండు పేర్లూ రాసి ముద్ర వేశాడు. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి వచ్చారు. కొందరు వెళ్లినంత వేగంగా తిరిగి వచ్చారు. షామ్రాల్ ఎంతకీ రాకపోయేసరికి, “లోపల తలుపు బిగిస్తున్నావా?” అని ఎవరో కేకేశారు.

చివరగా ఇసాకున్ వెళ్లాడు. తెర వెనక దుమ్మువాసన, ఒక విరిగిన కుర్చీ, పెన్సిలు. చీటీ మీద రెండు పేర్లు చూసి అతను ఆశ్చర్యపోయాడు. ఇతరుల మనసులో ఏముందా అని ఇన్నేళ్లూ ఆలోచించాడే తప్ప తన మనసులో ఏముందో ఎన్నడూ అడగలేదు. మిర్లాన్ ఉత్సాహవంతుడు, కానీ మాట నిలబెట్టడు. గుల్సున్‌కు మాట తియ్యగా రాదు, కానీ కరువు వేసవిలో పైవాళ్లకూ కిందివాళ్లకూ కాలువ నీళ్లు సమంగా వదిలింది. ఒకడు రక్తం. ఒకామె న్యాయం. పెన్సిలు చాలాసేపు కదలలేదు. బయట ఎవరో దగ్గారు. అతను గుర్తు పెట్టి, చీటీ మడిచి, క్యానులో వేసి వచ్చాడు.

లెక్క అందరి ఎదుటా జరిగింది. మిర్లాన్ ఏడు ఓట్ల తేడాతో గెలిచాడు. ఒక చీటీ మీద ఎవరో రెండు పేర్లూ కొట్టేసి ‘ముందు వంతెన బాగుచెయ్యండి’ అని రాశారు; దాన్ని పక్కన పెట్టారు.

ఇసాకున్ గది అంతా కలయజూశాడు. కాసేపటి క్రితం ఓమిన్ అన్నవాళ్లలో దాదాపు సగం మంది గుల్సున్‌ను కోరుకున్నారు. అవే టోపీలు, అవే తలగుడ్డలు, అవే అమాయకపు ముఖాలు. ఎవరో చెప్పలేకపోయాడు. తెలియకపోవడంలో ఇంత ఆనందం ఉంటుందని అతను ఊహించలేదు.

ఎర్మెక్ మిర్లాన్ భుజం తట్టాడు. “ఎలాగూ మీరే గెలిచారు. కాబట్టి ఏకగ్రీవమనే ఉంచుదాం. పైకి అలాగే ఫోను చేసేశాను. చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది.”

కార్యదర్శి కలం ఆపి మిర్లాన్ వైపు చూశాడు. గుల్సున్ కూడా చూసింది. ఇసాకున్ చూడలేదు, నేలమీది తివాచీ అంచును చూస్తూ కూర్చున్నాడు. ఈ ఒక్క మాటతో ఆ లెక్క మళ్లీ చెరిగిపోవచ్చునని అతనికి తెలుసు.

“వద్దు” అన్నాడు మిర్లాన్. “ఎంత వచ్చిందో అంతే రాయి. ఇంతమంది నన్ను వద్దంటే, ఎందుకన్నారో నాకు తెలియాలి కదా. ఆ వంతెనవాడెవడో కూడా.”

“ఫోను?” అన్నాడు ఎర్మెక్.

“మళ్లీ చెయ్యి. అలవాటే కదా నీకు.”

గుల్సున్ లేచి వచ్చి మిర్లాన్ చెయ్యి పట్టుకుని ఊపింది. “వంతెనకి ఇంజనీరు కావాలంటే కబురు పెట్టు” అంది. అది ఆమెకు తెలిసినంతలో తియ్యని మాటే.

బయట సరస్సు మీదినుంచి గాలి వీస్తోంది. మిర్లాన్ మేనమామను కారు ఎక్కించుకున్నాడు.

“తాయకె, మీరు నాకే వేశారు కదా?”

“అడక్కు.”

“ఊరికే, నాకొక్కడికీ చెప్పండి. తెలియకపోతే ఇవాళ నిద్ర పట్టదు.”

“నాకు యాభై ఏళ్లు నిద్ర పట్టలేదు” అన్నాడు ఇసాకున్. “నీకు ఒక్క రాత్రేగా.”