ఊ కొట్టిన గొంతు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. పరకాలలో మా పుట్టింటివాళ్లు పొద్దు గూకితే చింతతోపు వైపు పోయేవాళ్లు కాదు. నేను ఒక్కదాన్నే పోయి కట్టెలు ఏరుకొచ్చేదాన్ని. ఇదంతా భయస్తురాలి భ్రమ అనుకోవద్దని ఈ మాట ముందే చెప్తున్నాను.

పెళ్లై వరంగల్ వచ్చాను. మా ఆయన మగ్గం నేసేవాడు. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో, వానాకాలం. ముసురు విడవకుండా పట్టింది. మధ్యాహ్నం ఇద్దరం అన్నం తింటుంటే మట్టిగోడ మా మీద కూలింది. మా అత్త పక్కింట్లో ఉండి బతికిపోయింది.

దూలం అడ్డుపడడంతో నాకు ఊపిరాడింది. అంతా చీకటి. ఎడమ పక్క నుంచి ఆయన గొంతు వినిపించింది.

"మాట్లాడు. నేను ఊ కొడ్త."

అంతకుమించి మాట్లాడే శక్తి ఆయనకు లేదు. నేను నోటికొచ్చిందల్లా చెప్పాను. మా ఊరి జాతర, మేనమామ ఎద్దు, ఆ పూట కూరలో ఉప్పెక్కువైన సంగతి. మాట మాటకూ ఊ కొట్టాడు. కొంతసేపటికి ఆ ఊ ఆగిపోయింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

బయటికి తీశాక నా నోట మాట పడిపోయింది. దవాఖానలో గొంతుకు ఏ లోపమూ లేదన్నారు.

అద్దె గదిలో నేనూ అత్తా నూలు కండెలు చుట్టి బతికేవాళ్లం. పొరుగింటి రాజవ్వ కూడా తన రాట్నం తెచ్చుకుని మాతో కూర్చునేది. ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న మనిషి. అత్త బజారుకు పోయిన ఒక మధ్యాహ్నం నాతో అంది:

"లోపట్నే పెట్టుకుంటె కుళ్లిపోతవు బిడ్డా. జర చెప్పు, నేను వింట."

ఏమైందో, నోరు పెగిలింది. ముసురు దగ్గర మొదలుపెట్టాను. నాలుగు మాటలు చెప్పానో లేదో "ఊ" అని వినిపించింది. రాజవ్వే అనుకున్నాను. మళ్లీ "ఊ". మగ గొంతు. నోట్లో మట్టి పడ్డట్టు బొంగురుగా ఉంది.

రాజవ్వ రాట్నం ఆపింది. "ఎవలున్నరే ఇంట్ల?"

ఎవరూ లేరు. ఉన్నది ఒకటే గది, ఒకటే తలుపు. ఆ తలుపుకు అడ్డంగా ఆమే కూర్చుంది. కండెలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

అత్త రాగానే ఆ గొంతు సంగతి చెప్పేశాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ గోడ కూలిన సంగతి మళ్ల చెప్పు. నేను వింట."

"భయమైతాంది అత్తమ్మా."

"నాకూ అయితాంది. చెప్పు."

చెప్పాను. ఊ వచ్చింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు జాతర దాకా చెప్పి ఆపేశాను. మర్నాడు మళ్లీ చెప్పమంది. రోజూ ఇంకాస్త ముందుకు. ఊ ప్రతిసారీ నా ఎడమ భుజం పక్క నుంచే వచ్చేది. అటు తిరిగి చూసే ధైర్యం ఒక్కనాడూ చేయలేదు.

చివరి మాట దగ్గరికి వచ్చి ఆగిపోయేదాన్ని. ఊ ఆగిపోయిందని చెప్తే ఆయన మళ్లీ పోతాడు. చెప్పినా ఆగకపోతే, ఇన్నాళ్లూ నా పక్కన కూర్చున్నది ఎవరు?

"ఆఖరు దాక చెప్పు బిడ్డా. నడుమ ఆపకు," అంది అత్త.

కళ్లు మూసుకున్నాను. "అటెన్క ఊ అనలె. పిలిచిన. అయినా అనలె."

నా చెవి పక్కన ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. వదిలిన చప్పుడు వినిపించలేదు. చాలాసేపటికి, ఏడుస్తూ, అత్త తన గొంతుతో "ఊ" అంది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టింది. అందరితోనూ మాట్లాడాను. ఈ సంగతి ఎందరికో చెప్పాను కూడా. విన్నవాళ్లు తప్ప మరెవరూ ఊ కొట్టలేదు.

కొన్నేళ్లకు అత్త మంచం పట్టింది. ఆ గొంతు ఆయనదే కదా అని అప్పుడు అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"కాదు బిడ్డా. మొదటి దినమే తెలిసింది. కాని నువ్వు మాట్లాడుతాన్నవని ఊకున్న."

మరి ఎవరిదని నేను అడగలేదు. ఇప్పటికీ తెలియదు.