వేలు పెట్టి చూపించిన చోటు

ఇవాళ పొద్దున బస్సు దిగి ఒక పురుగుమందుల కంపెనీ కుర్రాడు నా ఆటో ఎక్కాడు. మెళ్లో టై, చేతిలో బ్యాగు. కల్లాల దారిలోకి మళ్లామో లేదో మొదలుపెట్టాడు దగ్గు. మిరపకాయలు ఎండబోసే రోజులు కదా, మా ఊళ్లో గాలి కూడా కారంగానే వీస్తుంది. దగ్గి దగ్గి టై భుజం మీదికి వెళ్లిపోయింది. "మీదే ఊరండీ?" అన్నాను. "నెల్లూ... నెల్లూ..." అన్నాడు. మిగతా అక్షరం దగ్గులో పోయింది. నేనడక్కపోయినా తెలిసేదే, ఈ చుట్టుపక్కలవాడు కాడని. మా దగ్గర మనిషి ఊరు ముందు దగ్గులో తెలుస్తుంది, తర్వాతే మాటలో. ఆ దగ్గు వింటుంటే సుగుణమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ కూడా మా ఊరికి తిరిగొచ్చిన ఏడాది అచ్చం ఇలాగే దగ్గారు.

సుగుణమ్మగారు నర్సు. మా ఊరి పేటలో పుట్టి, గుంటూరులో నర్సు చదువు చదివి, అమెరికా వెళ్లి, తల నెరిసేదాకా అక్కడే ఆసుపత్రిలో పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. అక్కడ ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నారు. రిటైరయ్యాక ఆ ఇల్లు అద్దెకిచ్చి, మా ఊళ్లో ఉన్న, చనిపోయిన అన్నగారి ఇంటికి వచ్చేశారు. ఆ ఇంట్లో మేనకోడలు సలోమి ఉండేది, పక్క ఊరి ప్రైవేటు బళ్లో టీచరు. అత్తను చూసుకోవడానికి తర్వాత ఆ ఉద్యోగం కూడా మానేసింది. సలోమి తమ్ముడు డేవిడ్ ఒంగోల్లో ఉండేవాడు. వాడికి ఇంటికంటే ఆ ఇంట్లో అమెరికా అత్త ఉందన్న సంగతి ముఖ్యం.

వచ్చిన మొదటి ఏడాది ఆవిడ దగ్గుతూ ఉంటే ఊరు ఊరంతా నవ్వింది. "అమెరికా సిస్టరుగారికి మన గాలి పళ్లేదర్రా" అన్నారు. ఆ పేరు అలా అంటుకుపోయింది. చర్చిలో అమెరికా సిస్టరు, కొట్టు దగ్గర అమెరికా సిస్టరు, చివరికి పాలవాడి లెక్కలోనూ అమెరికా సిస్టరే. ఆవిడ మాత్రం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "వచ్చే పంటకి చూడండి" అనేవారు. నిజంగానే మరుసటి ఏడాది కల్లంలో కూర్చుని తెల్లబోయిన తాలుకాయలు ఏరారు, ఒక్క తుమ్ము లేకుండా. అప్పటికి ఊరు చూడ్డం మానేసింది. పేరు మాత్రం మారలేదు.

నాకూ బడికీ ఎనిమిదో తరగతిలోనే పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. అప్పట్నుంచీ నా పెట్టుబడి నోరు. ఏ మాటకైనా ఒక జోకు వేసి తప్పించుకుపోవడం నా పద్ధతి. ఆ పద్ధతికి మొదట బ్రేకు వేసింది ఆవిడే. ఆవిడ తన ముందుగదిలో బీపీ మిషను పెట్టుకుని వచ్చినవాళ్లని ఊరికే చూసేవారు. మందులు ఇచ్చేవారు కాదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పేవారు. ఒకరోజు నేనూ వెళ్లి కూర్చున్నాను.

"ఏం కోటేశూ?"

"ఒళ్లంతా నొప్పులు సిస్టరుగారూ."

"ఒళ్లంతా అనేది చోటు కాదు. వేలు పెట్టి చూపించు."

"వేలు పెట్టాలంటే మా ఆవిణ్ణి పిలవాలండీ. నొప్పి అక్కణ్ణుంచే వస్తుంది."

గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని, "జోకు తర్వాత, వేలు ముందు" అన్నారు. నేను గతిలేక వేలు తీసి కుడివైపు డొక్క కింద పెట్టాను. ఆవిడ అక్కడ నొక్కితే నా జోకులన్నీ ఒక్కసారే కళ్లల్లోంచి బయటికొచ్చాయి. గుంటూరు పంపించారు. పిత్తాశయంలో రాళ్లు. ఇంకొన్నాళ్లు నవ్వుతూ తిరిగితే పగిలేదన్నారు అక్కడి డాక్టరు.

ఆ తర్వాత ఆవిడ ఎటు వెళ్లాలన్నా నా ఆటోయే. ఆ ప్రయాణాల్లో ఆవిడ నాకు నేర్పింది ఆ ఒక్కటే, రకరకాలుగా. మా తమ్ముడితో గట్టు తగాదా వచ్చి నేను దారిపొడుగునా వాణ్ణి తిడుతుంటే, వెనక సీట్లోంచి "నొప్పి ఎక్కడ?" అనేవారు. గట్టు దగ్గరేనండీ అంటే, "గట్టు కాదు. వెతుకు" అనేవారు. వెతికితే తేలింది, వాడి కూతురి ఓణీల ఫంక్షనుకి నన్ను అందరితోపాటు ఫోన్లో పిలిచాడని. ఆ సంగతి వాడికి చెప్పాక గట్టు సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఇందులో పెద్ద వేదాంతం ఏమీ లేదు. నర్సుగా ఆవిడ రోజూ చేసిన పనే అది. నొప్పి ఎక్కడుందో తెలియకుండా కట్టు కట్టకూడదు, అంతే.

ఒకసారి వీలునామా కాగితాల మీద సంతకాలకి చీరాల తీసుకెళ్లాను. సాక్షి సంతకాల్లో ఒకటి నాది. ఆవిడకున్నదంతా, ఆ అమెరికా ఇంటితో సహా, సలోమికి. ముందుగది మూతపడకూడదు, ఒక నర్సును పెట్టి నడపాలి అన్నది ఆవిడ కోరిక. తిరిగొస్తుంటే నేనడిగాను, ఇంతోటి దానికి ఇంత హడావుడి దేనికండీ అని.

"ఇక్కడ చచ్చిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను ఎప్పుడో తీసేశారు కోటేశూ. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో ఉంది. నా ఇల్లున్న రాష్ట్రంలోనూ ఉంది."

"మరి మీరు ఇక్కడుంటే వాళ్లకేం పని?"

"నేను ఇక్కడున్నా ఇల్లు అక్కడుందిగా. నీ ఆటోని గుంటూరులో పెట్టి నువ్వు ఇక్కడ పోయావనుకో..."

"శుభం పలకండి సిస్టరుగారూ."

"అనుకోమంటున్నాను. ఆ ఊరివాళ్లు ఆటో వంతుకి పన్ను అడుగుతారు. అదే నువ్వు ఆ ఊరివాడివే అనుకో, నీ బ్యాంకులో ఉన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు."

"నా బ్యాంకులో ఉన్నది చూస్తే వాళ్లే జాలిపడి ఎదురు డబ్బులిస్తారండీ."

ఈసారి నవ్వారు. నవ్వి, "అందుకే నేను ఏ ఊరిదాన్నన్నది తేలాలి. పోయాక చెప్పడానికి నేనుండను" అన్నారు. ఊరి మొదట్లో సమాధుల తోట దగ్గర ఆటో ఆపమన్నారు. ఎండిన గడ్డిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వాళ్లమ్మ సమాధి దగ్గర నిలబడ్డారు. దాని పక్కన కొంచెం ఖాళీ ఉంది. వంగలేక వంగి, నేలకి వేలు ఆనించి, "ఇక్కడ" అన్నారు. "రేపు సంఘపెద్దలు ఒకటంటారు, డేవిడ్ ఒకటంటాడు. నువ్వు చూశావుగా."

"ఏంటండీ, అప్పుడే సీటు రిజర్వేషనా?"

"మరి? వెయిటింగు లిస్టులో ఎందుకు ఉండాలి?" అని వాళ్లమ్మ సమాధి మీద రాలిన ఆకులు ఏరి పక్కన వేశారు. "అక్కడున్నన్నాళ్లూ నువ్వెక్కడిదానివని అడిగారు. ఇక్కడికొస్తే అమెరికా సిస్టరన్నారు. ఒక్కచోటైనా నన్ను సొంతదాన్ని అనాలి కదా కోటేశూ."

నేను చెయ్యి అందించి ఆవిణ్ణి ఆటో దాకా నడిపించుకొచ్చాను.

ఆవిడ పోయింది పత్తి తీతల రోజుల్లో, నిద్రలోనే. చోటు విషయంలో పెద్ద గొడవ కాలేదు. నేను వెళ్లి వేలు పెట్టి చూపించాను, అక్కడే పెట్టారు. గొడవంతా రాతల్లో వచ్చింది. డేవిడ్ ఒంగోలు నుంచి పెద్ద ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు. 'ప్రభువునందు నిద్రించిన అమెరికా వాస్తవ్యురాలు సుగుణమ్మగారికి అశ్రునివాళి' అని. ఒక మూల అమెరికా జెండా, ఇంకో మూల డేవిడ్ ఫొటో, అత్తగారి ఫొటోకంటే కొంచెం పెద్దది. అంతటితో ఆగితే బాగుండేది. పంచాయతీలో మరణం నమోదు చేయించింది కూడా వాడే. స్థిర చిరునామా అని అడిగితే అమెరికా ఇంటి చిరునామా చెప్పి వచ్చాడు.

సలోమి తలపట్టుకుంది. "ఒరేయ్, ఇక్కడ ఇన్నేళ్లు ఉంటే ఆ అడ్రసు ఎందుకిచ్చావురా?"

"స్థిరం అంటే సొంతిల్లే కదక్కా. ఇక్కడ ఉన్నది నాన్న ఇంట్లో. అత్త సొంతిల్లు అదేగా?" అన్నాడు డేవిడ్. వాడి మాటలో తప్పు పట్టడం కూడా కష్టమే.

ఆ సర్టిఫికెట్టు అమెరికాలో సుగుణమ్మగారి లాయరుకి వెళ్లింది. దానితోపాటు, అడక్కపోయినా, ఫ్లెక్సీ ఫొటో కూడా డేవిడే పంపించాడు. లాయరు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఈ కాగితం ప్రకారం ఆవిడ ఆ రాష్ట్రపు మనిషే, ఇండియాకి చూసిపోవడానికి వచ్చి ఇక్కడ చనిపోయినట్టుంది. అలాగైతే ఇంటి వంతుకి కాదు, ఆవిడ దాచుకున్న రిటైర్‌మెంటు డబ్బూ, ఇక్కడి డిపాజిట్లూ అన్నీ కలిపి పన్ను కట్టాలి. తేలేదాకా ఇల్లు అమ్మడానికి వీల్లేదు. సలోమికి వచ్చేదాంట్లో పెద్ద ముక్క పోతుంది, ముందుగది సంగతి ఇక మర్చిపోవాల్సిందే. అన్నిటికంటే, ఒక్కచోటైనా సొంతదాన్ని కావాలన్న మనిషిని సర్కారు కాగితం మీద పరాయిదాన్ని చేసేశాం.

ఒక పొద్దున్నే ఆ లాయరు వీడియోలో మాట్లాడారు. వాళ్లకది సాయంత్రం. సలోమి తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మారుస్తూ కూర్చుంది. సాక్షిని కాబట్టి నేనూ పక్కనే. ఆయన ముందు ఒక అనుమానం బయటపెట్టారు. పాస్‌పోర్టులో పుట్టింది గుంటూరు జిల్లా అని ఉంది. మొదటిసారి వెళ్లినప్పటి కాగితాల్లో ప్రకాశం జిల్లా అని ఉంది. పోయింది బాపట్ల జిల్లాలో అంటున్నారు. ఈవిడ మీ దేశంలోనే ఇన్నిచోట్లకి మారుతుంటే ఒక ఊరిమనిషి అని ఎలా నమ్మాలి?

సలోమికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నేనందుకున్నాను. "చెప్పు సలోమీ ఆయనకి. మనుషులు కదల్లేదు, ఊరూ కదల్లేదు. జిల్లాలే వచ్చి పోయాయి. నేనూ ప్రకాశంలో పడుకుని బాపట్లలో లేచినవాణ్ణే, మంచం కూడా మార్చలేదు." ఆయన నవ్వారు, రాసుకున్నారు. తర్వాత సూటిగా అడిగారు. ఆవిడ ఇక్కడే ఉండిపోవాలనుకున్నారని మీకెలా తెలుసు?

నాకు దగ్గు సంగతి చెప్పాలనిపించింది. రెండో పంటకి దగ్గలేదండీ, మా దగ్గర అదే రేషన్‌కార్డు అని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు వెనక సీట్లోంచి అన్నట్టే వినిపించింది, జోకు తర్వాత అని. ఫోను పట్టుకుని లేచాను. సలోమిని ఆటో ఎక్కించుకుని సమాధుల తోటకి వెళ్లాను. లాయరుగారు అలాగే ఫోన్లో ఉన్నారు. ఆ సమాధి ముందు వంగి, ఆవిడ వేలు ఆనించిన చోటే నా వేలు ఆనించి చూపించాను. ఆవిడ బతికుండగానే నన్నిక్కడికి తీసుకొచ్చి ఇలా వేలు పెట్టి ఇక్కడ అన్నారండీ, వాళ్లమ్మ పక్కన, అని చెప్పాను. ఆవిడ అన్న మాటలన్నీ అన్నవి అన్నట్టు చెప్పాను. సలోమి మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టి, మొత్తం ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత ఆయన, "ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు రాసి, నోటరీ ముందు సంతకం చేసి పంపండి" అన్నారు.

రాయడం అంటే ఎనిమిదో తరగతి దగ్గర ఆగిన చెయ్యి. సలోమి రాస్తానంది. వద్దన్నాను. అరుగు మీద కూర్చుని ఆటో గిరాకీలు వదులుకుని రాశాను. మొదటిసారి రాస్తే ఆవిడ మహా దొడ్డమనిషి, దేవత అని వచ్చింది. చదువుకుంటే ఒళ్లంతా నొప్పి అన్నట్టుంది, చోటు లేదు. చింపేశాను. రెండోసారి ఎక్కడ ఆటో ఆపమన్నారో, చెప్పులు ఎలా పట్టుకున్నారో, వేలు ఎక్కడ ఆనించారో అది మాత్రం రాశాను. సలోమి దాన్ని ఇంగ్లీషు చేసింది. పేటవాళ్లు కొందరు, పాస్టరుగారు, పాలవాడు కూడా సంతకాలు పెట్టారు. డేవిడ్ మారుమాట లేకుండా పంచాయతీకి తిరిగి చిరునామా సరిచేయించుకొచ్చాడు. ఫ్లెక్సీ మాత్రం ఎవరిదో గేదెల పాకకి కప్పారు. వానకి తడవని గేదెలు అమెరికా వాస్తవ్యురాలి నీడన సుఖంగా ఉన్నాయి.

కొన్ని నెలలు పట్టింది. ఆ రాష్ట్రంవాళ్లు ఆవిణ్ణి తమ మనిషి కాదని ఒప్పుకున్నారు. ఇంటి వంతుకి పన్ను కట్టించుకుని ఇల్లు వదిలారు. ఒక మనిషిని తమ మనిషి కాదని తేల్చి చెప్తే అందరం కలిసి అంత సంతోషించడం నేనెప్పుడూ చూడలేదు. ఇల్లు అమ్మాక సలోమి ముందుగదికి సున్నం వేయించి, చిలకలూరిపేట నుంచి ఒక నర్సమ్మాయిని పెట్టింది. ఆ అమ్మాయి ప్రస్తుతం దగ్గుతోంది. వచ్చే పంటకి చూద్దాం.

నేను ఆ తర్వాత రాయడం మానలేదు. ఏదైనా రాస్తూ మాటలు గాల్లోకి పోతున్నాయనిపించినప్పుడు వేలు తీసి కాగితం మీద పెట్టుకుంటాను, నొప్పి ఎక్కడా అని. ఎక్కించుకున్నవాళ్లు బతుకంతా కష్టాలే అని మొదలుపెడితే, అద్దంలోంచి చూసి, చోటు చెప్పండి అంటాను. కొందరు దిగిపోతారు. కొందరు చెప్తారు.

మొన్న సలోమి సమాధికి రాయి పెట్టించింది. చెక్కేవాడు ఏం రాయాలని అడిగితే నావైపు చూసింది. సుగుణమ్మ, నర్సు అని పేరు. కింద మా ఊరి పేరు. అంతే రాయమన్నాను. జిల్లా కూడా రాయనా అన్నాడు చెక్కేవాడు.

వద్దన్నాం ఇద్దరం. అది మళ్లీ మారినా మారొచ్చు.