గురువుగారి మడమ

ఆ రోజుల్లో నిలబడటం కూడా ఒక విద్యేనని, దానికీ ఒక గురువు కావాలని ఎవరైనా చెబితే పకపకా నవ్వేవాణ్ని. ఆ విషయంలో నాది పెద్ద చదువే మరి. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా బెంచీ మీదే నిలబడ్డాను. తొమ్మిదిలో బడి మానేసినప్పుడు మాస్టారికంటే ఆ బెంచీయే ఎక్కువ బెంగ పెట్టుకుని ఉంటుంది. అలాంటి నాకు, ఇరవై ఏళ్లు నిండాక, చెక్కని గిరగిరా తిప్పే లేత్ మిషను ముందు రెండు కాళ్లూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదంటే నమ్ముతారా?

మాది జాలరిపేట. మా ఇంట్లో అందరూ సముద్రం మీద పడి బతికారు. నేనొక్కణ్నే సముద్రం మీద వాంతులు చేసుకుని బతికాను. (ఒడ్డుకి లాగిన పడవెక్కినా కడుపులో తిప్పేది. మా బావ ఊరుకోడుగా, "సేపలకి మేతేసీసి వచ్చీసేవేటి బావా?" అనేవాడు.) అందుకే పూర్ణా మార్కెట్ వెనక సందులో లేత్ మీద చెక్క గిన్నెలు చేసే గురువుగారి దగ్గర చేరతానన్నాను. మా అయ్య వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండానే తీర్పు చెప్పాడు. "ఏట నిషేదం అయిపోయేలోగా ఒక్క గిన్ని నీ సేత్తో సేసి తే. తెచ్చేవా, మరి నిన్ను పడవెక్కమనను. తేలేదా, పడవ నీల్లలో దిగిన్రోజే నువ్వూ దిగాల." అప్పటికి సముద్రంలో చేపల వేట మీద సర్కారు ఏటా పెట్టే రెండు నెలల నిషేధం మొదలై రెండు రోజులు. అంటే చేతిలో రెండు నెలలు కూడా పూర్తిగా లేవు.

గురువుగారిది గోదావరి జిల్లా. స్టీలు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. ఆయన పద్ధతి ఒక్కటే: నోటితో చెప్పరు. "కళ్లున్నాయి కదయ్యా, చూడు" అంటారు. చూశాను. నేను చూసినంత శ్రద్ధగా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. ఎడమ మడమ నేలకి ఆనకుండా పైకి లేస్తుంది. బరువంతా కుడికాలి మీద. మెడ కాస్త వంకర. ఆహా, కిటుకంతా ఇందులోనే ఉందనుకుని ఇంటికెళ్లి, అద్దం ముందు చీపురుకట్టని ఉలిలా పట్టుకుని రోజూ సాధన చేసేవాణ్ని. మా మామ్మ గుమ్మంలో నిలబడిపోయి, "ఏట్రా నాయనా, సీపురుతోటి ఆ కొంగజపమేటి?" అని నా నెత్తి చుట్టూ ఇంత ఉప్పు తిప్పి దిష్టి తీసి పారేసింది.

ఇక ఫలితం. మొదటి గిన్నెలో ఉలి దిగబడి అంచు ఊడింది. రెండోది అడుగు చిల్లు పడి గరాటా అయింది. ఇలా ఏడు గిన్నెలు నాశనం చేసి, నడుం పట్టేసి, నిషేధం ఇంకో ఐదు రోజుల్లో అయిపోతుందనగా ఎనిమిదోది మొదలుపెట్టాను. ఒంటికాలి మీద ఊగుతున్నానేమో, ఉలి మొన చెక్కని ఒక్కసారి కరిచింది. గిన్నె మిషను మీంచి లేచి, నా చెవి పక్కనుంచి రయ్యిన వెళ్లి, సందులో ఉల్లిపాయల బస్తాల మీద పడింది. గురువుగారు మిషను ఆపేసి నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"ఏంటయ్యా, కాలికేమైనా తగిలిందా? అలా వంకరగా నిలబడ్డావేంటి?"

"అదేటండి గురువుగోరూ, మీరెలగ నిలబడితే నానూ అలగే నిలబడతన్నాను!"

ఆయన స్టూలు మీద కూర్చుని, రెండు కాళ్లూ జోడించి ముందుకి చాచారు. ఎడమ కాలు రెండు వేళ్ల మందాన పొట్టి. "ఎప్పుడో స్కూటర్ మీంచి పడ్డ కాలయ్యా ఇది. దీన్ని కూడా నేర్చేసుకున్నావా?" అన్నారు. అని, ఏదో తట్టినట్టు నుదురు కొట్టుకున్నారు. "నీకు ముందు ఇద్దరు శిష్యులున్నారు. గాజువాకలో ఒకడు, మధురవాడలో ఒకడు. వాళ్లూ ఇలాగే నిలబడతారు. నన్ను వెక్కిరిస్తున్నారనుకుని రెండేళ్లుగా ఇద్దరితోనూ మాట్లాడటం మానేశాను." (ఆ సాయంత్రమే ఇద్దరికీ ఫోన్ చేశారు. అవతల వాళ్లేమన్నారో గానీ, ఈయన కండువాతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.)

ఆ రోజు మొదటిసారి నోరు విప్పి చెప్పారు. "మీ నాన్న పడవలో ఎలా నిలబడతాడు? నిలబడి చూపించు." చూపించాను. కాళ్లు ఎడంగా, మోకాళ్లు కాస్త వదులుగా. "అదీ! ఇప్పుడు ఉలి పిడి తుంటికి ఆన్చు. మోచెయ్యి ఒంటికి అంటుకుని ఉండాలి. చేతులతో తొయ్యకు, తెడ్డేసినట్టు నడుంతో తిరుగు. గిన్నెకి ఎదురుగా నిలబడకు, కాస్త పక్కకి ఉండు. ఊడితే నీ మొహం మీదకి రాకూడదు." తిరిగాను. చెక్క పొట్టు తెగకుండా రిబ్బనులా ఊడి నా చొక్కా మీద పడింది. పడవలో ఏ నిలబడటానికి భయపడి పారిపోయి వచ్చానో, అదే! (అలవాటు కొద్దీ కడుపులో ఒకసారి తిప్పింది కూడా.)

ఇప్పుడు నాకూ కుడి మోకాలు అరిగింది. నేర్చుకోడానికి ఎవరొచ్చినా మొట్టమొదట ప్యాంటు పైకి లాగి ఆ మోకాలు చూపించి, "దీన్ని మాత్రం కాపీ కొట్టకండి" అంటాను. అనేటప్పుడల్లా అద్దం ముందు చీపురుతో ఊగే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి మీద నవ్వూ వస్తుంది, వాడంత శ్రద్ధగా ఇప్పుడు దేన్నీ చూడలేకపోతున్నానే అని కాస్త దిగులూ వేస్తుంది.

ఇంతకీ, ఆ ఏడు నిషేధం ముగిసే ముందురోజు నేను చేసిన గిన్నె తీసుకెళ్లి మా అయ్య చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, అంచు వేలితో తడిమి, "బాగున్నాది. ఎలగ సేసేవు?" అన్నాడు. నేను ఉత్సాహంగా కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వదిలి, నడుం తిప్పి చూపించాను. మా అయ్య నన్నూ, నాలుగడుగుల దూరంలో ఇసకలో ఉన్న పడవనీ మార్చి మార్చి చూశాడు.

"ఓరి నీ అమ్మ కడుపు కాలా! పడవలో నిలబడ్డం నేర్సుకోడానికి బస్సెక్కి పూర్ణా మార్కెట్టు దాకా ఎల్లేవేట్రా?"